కారుకు బయటి ఉష్ణోగ్రత సెన్సార్: మీటర్ మార్చకండి, చోటు మార్చండి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. మీది 2016 నాటి చిన్న కారు, బేస్ వేరియంట్. బయటి ఉష్ణోగ్రత చూపే ఏర్పాటు అందులో లేదు కాబట్టి రెండు మీటర్ల వైరుతో వచ్చే 12 వోల్టుల డిజిటల్ మీటర్ కొన్నారు. షాపులో దాని సెన్సార్‌ను రేడియేటర్ ముందున్న ఇనుప పట్టీకి కట్టి పంపించారు. వాతావరణ శాఖ హైదరాబాద్‌లో 38 డిగ్రీలని చెబుతున్న మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే మీ మీటర్ 51 చూపిస్తోంది. మీటర్ మార్చాలా, వైరు పొడవు పెంచితే లెక్క తప్పుతుందా, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి అని అడిగారు.

మీటర్ జోలికి వెళ్లకండి. సెన్సార్ ఉన్న చోట వేడి నిజంగానే 51 డిగ్రీలు ఉంది, అది ఉన్నదే చూపిస్తోంది. మార్చాల్సింది సెన్సార్ చోటు. వైరింగ్ చేతకానివాళ్లు ఎవరూ లేరు, కానీ సెన్సార్ ఎక్కడ పెట్టాలో ఆలోచించేవాళ్లు తక్కువ. అందుకే మార్కెట్లో బిగించి ఇచ్చే వాటిలో చాలా వరకు ఇంజిన్ ముందరి వేడి చూపే మీటర్లుగా మిగిలిపోతాయి.

రేడియేటర్‌కు ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది. క్యాబిన్‌లో నుంచి లాగిన వేడినంతా ఏసీ అక్కడే వదులుతుంది. కారు పరుగెడుతున్నంతసేపూ గాలి ముందు నుంచి వెనక్కి పోతుంది కాబట్టి, కండెన్సర్ ముందు పెట్టిన సెన్సార్‌కు తాజా గాలి తగులుతుంది. కారు ఆగిందంటే కథ మారుతుంది. ఫ్యాను వెనక్కి నెట్టిన వేడి గాలి బంపర్ కింది నుంచి, పక్క సందుల్లో నుంచి చుట్టు తిరిగి మళ్లీ ముందుకు వస్తుంది. దానికి తారు రోడ్డు సెగ, ముందున్న బస్సు పొగ తోడవుతాయి. మీ సెన్సార్‌ను ఇనుప పట్టీకి ఆనించి కట్టారు కాబట్టి ఆ పట్టీ వేడి కూడా లోహం ద్వారా నేరుగా దానికి ఎక్కుతోంది. 13 డిగ్రీల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీ వాళ్లు బిగించే సెన్సార్ కూడా చాలా కార్లలో గ్రిల్ వెనకే ఉంటుంది కదా, వాళ్లకు సరిగ్గా ఎలా చూపిస్తుందని మీకు అనుమానం రావచ్చు. అక్కడి తేడా సెన్సార్‌లో లేదు, దాని వెనకున్న కంప్యూటర్‌లో ఉంది. ఆ కంప్యూటర్‌కు కారు వేగం తెలుసు. కారు ఆగి ఉన్నప్పుడో, బాగా నెమ్మదిగా పోతున్నప్పుడో అంకె పెరిగితే అది పట్టించుకోదు, పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది. అంకె తగ్గితే మాత్రం వెంటనే ఒప్పుకుంటుంది, ఎందుకంటే ఇంజిన్ వేడి అంకెను పెంచగలదే తప్ప తగ్గించలేదు. కాసేపు ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా, అప్పటికి పేరుకున్న వేడిని లెక్కలోకి తీసుకోకుండా పాత అంకె నుంచే మొదలుపెడుతుంది. మీరు కొన్న మీటర్‌కు ఈ తెలివి లేదు, ఏ క్షణాన ఎంత ఉంటే అంత చూపిస్తుంది. కాబట్టి ఆ లోటును చోటు ఎంపికతోనే పూడ్చుకోవాలి.

మీలాంటి బేస్ వేరియంట్ కార్లలో నాకు నచ్చిన చోటు ఒకటుంది. బంపర్‌లో ఫాగ్ ల్యాంప్ ఉండాల్సిన స్థానాన్ని ఖాళీగా వదిలి ప్లాస్టిక్ మూత పెడతారు. ఆ మూత వెనకున్న గూడు రేడియేటర్‌కు పక్కగా, దూరంగా ఉంటుంది. ఎండ నేరుగా పడదు, రాళ్లు నేరుగా తగలవు, కారు కదిలితే గాలి మాత్రం ఆడుతుంది. రెండు వైపుల్లో సైలెన్సర్ గొట్టం మొదలయ్యే వైపు వదిలేసి రెండోది ఎంచుకోండి. ముందు చక్రం దగ్గరున్న ప్లాస్టిక్ లైనర్ స్క్రూలు రెండు మూడు తీసి పక్కకు వంచితే చెయ్యి లోపలికి పోతుంది. చాలా కార్లలో బంపర్ మొత్తం విప్పాల్సిన పని పడదు. అక్కడ ఇప్పటికే ఫాగ్ ల్యాంపులు ఉంటే మాత్రం ఆ గూడు పనికిరాదు. హాలోజన్ బల్బు చాలా కార్లలో 55 వాట్లది, రాత్రిపూట అది గూటినంతా వేడెక్కిస్తుంది.

నంబర్ ప్లేటు వెనక పెట్టమని కొందరు సలహా ఇస్తారు. చోటు చెడ్డది కాదు, కానీ ఇప్పుడు హై సెక్యూరిటీ ప్లేట్లను ఒకసారి వేస్తే మళ్లీ విప్పడానికి వీల్లేని లాక్‌లతో బిగిస్తున్నారు. సెన్సార్ కోసం వాటిని పగలగొట్టకండి. కొన్ని యూరప్ కంపెనీలు పక్క అద్దం అడుగున సెన్సార్ పెడతాయి. ఇంజిన్ వేడికి దూరం కాబట్టి నిజానికి అది అన్నిటికన్నా మంచి చోటు. అయితే వైరును తలుపుకు, బాడీకి మధ్యనున్న రబ్బరు గొట్టం గుండా లాగాలి, తలుపు తీసి వేసిన ప్రతిసారీ అది వంగుతూ ఉంటుంది. సన్నని వైరు అక్కడ కొన్నాళ్లకు లోపల తెగిపోతుంది. మెత్తటి బహుళ పోగుల వైరు దొరికి, తలుపు ప్యానెల్ విప్పే ఓపిక ఉంటేనే దానికి దిగండి. ముందు భాగంలో రాడార్ ఉన్న కొత్త కార్ల వాళ్లు దాని పలక ముందు గానీ, చుట్టుపక్కల గానీ ఏదీ కట్టకూడదు.

ఇక సెన్సార్‌ను ఎలా నిలబెట్టాలో చెబుతాను. ఇళ్లలో కరెంటు వైరింగ్‌కు వాడే తెల్లటి పీవీసీ పైపు, 20 మిల్లీమీటర్లది, నాలుగు అంగుళాల ముక్క తీసుకోండి. రెండు చివరలూ తెరిచే ఉంచండి. మధ్యలో ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు చేసి, సన్నని కేబుల్ టై దూర్చి, సెన్సార్ మొనను పైపు గోడకు తగలకుండా నడిమధ్యన వేలాడేలా బిగించండి. అడుగున ఇంకొక రంధ్రం చేస్తే నీళ్లు కారిపోతాయి. ఈ పైపును గూటిలోని ప్లాస్టిక్ పక్కకు కట్టండి, లోహానికి కట్టకండి. లోహం తప్ప వేరే దారి లేకపోతే మధ్యలో మందపాటి రబ్బరు ముక్క పెట్టండి. పైపు మూతి కొంచెం కిందికి వాలి ఉండాలి. పైపు గోడ అడ్డుండటం వల్ల చుట్టుపక్కల భాగాల సెగ సెన్సార్‌కు నేరుగా తగలదు, తెరిచిన చివరల వల్ల గాలి నిలవదు. సెన్సార్‌ను జిగురులోనో, సిలికాన్ ముద్దలోనో పాతిపెట్టడం మాత్రం చేయకండి. అలా చేస్తే ముద్ద చల్లబడేదాకా సెన్సార్ కూడా చల్లబడదు, సిగ్నల్ దాటి చాలాసేపు పోయినా పాత వేడే చూపిస్తుంది.

వైరు పొడవు సంగతి. సెన్సార్ నుంచి రెండే వైర్లు వస్తుంటే అది థర్మిస్టర్. ఇలాంటి మీటర్లలో ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓమ్‌ల నిరోధం ఉండే రకం వాడతారు. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. 40 డిగ్రీల దగ్గర అది సుమారు 5 వేల ఓమ్‌లకు దిగుతుంది, అక్కడ ఒక్క డిగ్రీ మారితే దాదాపు 200 ఓమ్‌లు మారతాయి. మీరు అదనంగా కలిపే రెండు మీటర్ల వైరు అర చదరపు మిల్లీమీటర్‌ది అయితే, రానుపోను దాని నిరోధం పావు ఓమ్ కూడా ఉండదు. 200 ఓమ్‌లకు ఒక డిగ్రీ లెక్కన పావు ఓమ్ ఏ మూలకు? కాబట్టి నిశ్చింతగా పొడిగించుకోండి. సెన్సార్ వైరు కట్ చేస్తే మీటర్ పాడవుతుందని చెప్పే మాటలకు, కనీసం ఈ రకం సెన్సార్ విషయంలో, ఆధారం లేదు. మూడు వైర్లు ఉంటే అది డిజిటల్ సెన్సార్ కావచ్చు. ఎక్కువగా కనిపించే డీఎస్ 18బీ20 రకం మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు అర డిగ్రీ అటూ ఇటూగా చూపిస్తుంది. దాన్ని కూడా కొన్ని మీటర్లు పొడిగించవచ్చు, కానీ మూడు వైర్లనూ రంగు చూసుకుని సరిగ్గా కలపాలి. సరఫరా, ఎర్త్ తారుమారైతే సెన్సార్ కాలిపోతుంది. థర్మిస్టర్‌కు ఆ బెడద లేదు, ఏ వైరు ఎటు కలిపినా ఒకటే.

పొడవు తంటా తేదు గానీ అతుకు తెస్తుంది. వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మొదటి వానకే లోపలికి తడి చేరుతుంది. రెండు వైర్ల మధ్య ఆ తడి గుండా లక్ష ఓమ్‌ల లీకేజీ ఏర్పడిందనుకోండి. 40 డిగ్రీల దగ్గర మీటర్ ఒక డిగ్రీకి పైగా ఎక్కువ చూపిస్తుంది. అదే లీకేజీ 10 డిగ్రీల చలిలో మూడు నాలుగు డిగ్రీల తప్పు తెస్తుంది, ఎందుకంటే చలిలో సెన్సార్ నిరోధమే 20 వేల ఓమ్‌ల దాకా ఉంటుంది. అతుకు చిలుము పట్టి వదులైతే ఫలితం తిరగబడుతుంది, నిరోధం పెరిగి అంకె తగ్గుతుంది. దీన్ని గుర్తుపెట్టుకుంటే జబ్బు ఎక్కడుందో బంపర్ విప్పకుండానే సగం తెలిసిపోతుంది: వానాకాలంలో అంకె ఎక్కువ చూపిస్తే తడి, గతుకుల్లో అంకె ఉన్నట్టుండి పడిపోతే వదులు అతుకు, అర్థంలేనంత తక్కువ అంకె గానీ గీతలు గానీ కనిపిస్తే వైరు పూర్తిగా తెగింది.

అందుకని అతుకులు సోల్డరింగ్ చేసి, ఒక్కో వైరుకు విడిగా, వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. లోపల జిగురు పూత ఉన్న రకం అడిగి తీసుకోండి, వేడి చేసినప్పుడు ఆ జిగురు కరిగి చివరల్లో బయటికి ఉబికి రావాలి. రెండు అతుకులూ ఒకే చోట పడకుండా ఒక వైరును అంగుళం పొట్టిగా కత్తిరించుకోండి. వీలైతే అతుకును బంపర్ లోపల కాకుండా క్యాబిన్‌లో పెట్టుకోండి. పొడిగింపు వైరును ముందుకు లాగే బదులు కొత్త వైరునే సెన్సార్ దాకా తెచ్చి, అక్కడ నీళ్లు చొరని రెండు పిన్నుల కనెక్టర్ పెట్టడం ఇంకా మంచి పద్ధతి. రేపు బంపర్ విప్పాల్సి వస్తే వైరు కోయకుండా ఊడదీయవచ్చు.

వైరును క్యాబిన్‌లోకి తేవడానికి బాడీకి కొత్త రంధ్రం వేయకండి. ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడలో కారు ప్రధాన వైరింగ్ వచ్చే చోట పెద్ద రబ్బరు బుష్ ఉంటుంది. దానికి పక్కగా పొడుచుకు వచ్చిన చిన్న రబ్బరు మొన లాంటి భాగం ఖాళీగా ఉంటే దాని కొన కత్తిరించి దూర్చండి. లేకపోతే బుష్‌కు సన్నని గాటు పెట్టి, బిరుసైన తీగకు మీ వైరు కట్టి లాగి, తర్వాత సిలికాన్‌తో మూసేయండి. గాటు పెట్టేటప్పుడు కత్తి మొన లోపలి వైర్ల వైపు పోకుండా చూసుకోవాలి. బుష్ దగ్గరికి వచ్చే ముందు వైరు కాస్త కిందికి జారి మళ్లీ పైకి ఎక్కేలా వంపు ఉంచితే, దాని వెంట వచ్చే నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది, క్యాబిన్‌లోకి రాదు. ఇంజిన్ వైపున్న వైరంతా గాడులు తీరిన ప్లాస్టిక్ గొట్టంలో నడిపించండి. సైలెన్సర్ మొదలు, ఫ్యాను, బెల్టు ఉన్న వైపు పోవద్దు. ఎలుకల బెడద ఉన్న చోట కారు నిలిపితే ఈ గొట్టం తప్పనిసరి, విడిగా వేలాడే సన్నని వైరు వాటికి మొదట దొరుకుతుంది. లోపలికి వచ్చాక వైరు క్లచ్, బ్రేక్ పెడళ్ల దారిలో గానీ, స్టీరింగ్ రాడ్ పక్కన గానీ వేలాడకూడదు. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ ప్రాణం మీదికి తెస్తుంది. కట్టాక తల వంచి, టార్చి వేసి, పెడళ్లన్నీ నేలదాకా తొక్కి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి.

కరెంటు విషయానికి వస్తే, 12 వోల్టుల సాకెట్ గానీ, స్టీరియో గానీ వాడే ఫ్యూజు నుంచి తీసుకోండి. తాళం తిప్పితేనే అక్కడ కరెంటు వస్తుందో లేదో మల్టీమీటర్‌తో చూసుకోండి. ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపితే, 20 మిల్లీ ఆంపియర్లు తాగే చిన్న మీటర్ కూడా రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ ఖర్చు చేస్తుంది. కారును రెండు వారాలు కదపకుండా ఉంచితే ఏడు ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది ఐదో వంతు. వయసు మళ్లిన బ్యాటరీ దానికే మొరాయిస్తుంది. ఫ్యూజు స్థానంలో గుచ్చి రెండు ఫ్యూజులు పెట్టుకునే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది, వైరు కోయకుండా పని అయిపోతుంది. మీ కారు ఫ్యూజు ఏ సైజుదో చూసి దానికి సరిపోయేది తీసుకుని, మీటర్ వాటాకు ఒకటి రెండు ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఎర్త్ వైరును డాష్‌బోర్డ్ కింద బాడీకి నేరుగా బిగించిన బోల్టుకు ఇవ్వండి, రంగు వేసిన చోట ఇవ్వకండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజులను ముట్టుకోవద్దు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి మీద మల్టీమీటర్ కూడా పెట్టకండి. ఇంకొక మాట, ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజీ 14 దాటుతుంది. మీ మీటర్ మీద కనీసం 15 వోల్టుల వరకు తట్టుకుంటుందని రాసి ఉందో లేదో ఒకసారి చూడండి.

ఇవన్నీ బిగించే ముందు మీటర్‌ను ఇంట్లో బల్ల మీద పరీక్షించండి. ఫిల్టర్ నీళ్లతో చేసిన ఐసును మెత్తగా పగలగొట్టి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత మటుకే చల్లని నీళ్లు పోసి, సెన్సార్ ముంచి ఐదు నిమిషాలు కలుపుతూ ఉండండి. అక్కడ సున్నా రావాలి. ఉప్పు తగలనివ్వకండి, ఉప్పు కలిస్తే సున్నా కన్నా కిందికి పోతుంది. రెండో పరీక్షకు ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ చాలు. ఫ్లాస్కులో 38 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసి రెండు మొనలనూ పక్కపక్కన ముంచండి. మన ఎండలకు కావలసిన అంకె సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, జ్వరం థర్మామీటర్ ఆ పరిధిలో బాగా ఖచ్చితంగా చూపిస్తుంది. రెండు చోట్లా ఒక డిగ్రీ లోపు తేడా ఉంటే మీటర్ మంచిదే. రెండు చోట్లా ఒకే విధంగా రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే, సవరణ బటన్ ఉన్న మీటర్లలో దాన్ని సరిచేసుకోవచ్చు. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 38 దగ్గర బాగా తప్పితే, ఆ సెన్సార్ ఆ మీటర్‌కు జతది కాదు.

మీటర్ తెర గురించి కూడా చెప్పాలి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీలు దాటగలదు. ఎల్‌సీడీ తెరలు ఆ వేడికి నల్లబడిపోతాయి, అమెరికా, కెనడా చలిలో ఉండేవారికి అవే తెరలు మందగిస్తాయి. ఎల్ఈడీ అంకెలు రెండింటినీ తట్టుకుంటాయి, ఎక్కడైనా కింది భాగంలో నీడపట్టున బిగిస్తే మరీ మంచిది.

ఇంకా ఏమీ కొననివారు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు మీ కారులో సెన్సార్ ఉందో లేదో చూసుకోండి. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్లలో సాధారణంగా బయటి సెన్సార్ ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ను చదవడానికి వాడేది) చవకైన బ్లూటూత్ అడాప్టర్ తగిలించి, ఫోను యాప్‌లో పరిసర గాలి ఉష్ణోగ్రత వస్తుందేమో చూడండి. దాని కోడ్ 46. కొన్ని కార్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. 0ఎఫ్ కోడ్‌తో వచ్చేది ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత, అది బానెట్ లోపలి వేడితో కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని బయటి ఉష్ణోగ్రతగా తీసుకోకండి.

అన్నీ సరిగ్గా చేశాక కూడా మీ అంకె, వాతావరణ శాఖ అంకె ఒకటి కావు. వాళ్ల థర్మామీటర్ నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే సందులున్న తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. మీ సెన్సార్ తారు రోడ్డుకు అడుగున్నర ఎత్తున ఉంటుంది. మే నెల మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే అది సెన్సార్ లోపం కాదు. వేగం నలభై దాటి ఐదారు నిమిషాలు సాఫీగా నడిచాక కనిపించే అంకెనే నమ్మండి, సిగ్నల్ దగ్గర కనిపించేదాన్ని వదిలేయండి. వానలో, కారు కడిగిన వెంటనే మొన తడిగా ఉంటే నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది, అప్పుడు అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. సరిపోల్చుకోవడానికి అన్నిటికన్నా మంచి సమయం తెల్లవారుజాము. రాత్రంతా ఆగి ఉన్న కారును స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, పక్కనే నీడలో పెట్టిన ఇంకో థర్మామీటర్‌తో పోల్చండి.

చలి ప్రాంతాల్లో నడిపేవారు ఒకటి గమనించాలి. చాలా కంపెనీ కార్లు 3, 4 డిగ్రీల దగ్గరే మంచు హెచ్చరిక ఇస్తాయి, సున్నా దాకా ఆగవు. గాలి 3 డిగ్రీలున్నా, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి రోడ్డు ఉపరితలం సున్నాకు దిగగలదు. కింద నేల వేడి తగలని వంతెనలు ముందుగా గడ్డకడతాయి. ఒక డిగ్రీ అటూ ఇటూ చూపే మన మీటర్‌తో అమెరికాలో నడిపే మనవాళ్లు 4 కనిపించగానే వేగం తగ్గించుకోవడం మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కేవారికి అసలు ముప్పు పొగమంచు. ఉష్ణోగ్రత మీటర్ దాని గురించి ఏమీ చెప్పదు, అక్కడ కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

మీ పని వరకు వస్తే, రేడియేటర్ దగ్గరి సెన్సార్‌ను విప్పి ముందు ఐసు పరీక్ష చేయండి. తర్వాత తాత్కాలికంగా ఫాగ్ ల్యాంప్ గూటిలో పైపుతో కట్టి, వైరును కిటికీ సందులోంచి లోపలికి తెచ్చి, రెండు మూడు రోజులు ట్రాఫిక్‌లో నడిపి చూడండి. అంకె నచ్చాకే లైనర్ మూసి, వైరు శాశ్వతంగా లాగండి. వచ్చిన అంకెలు ఇక్కడ రాస్తే, ఏమైనా తేడా ఉంటే చూసి చెబుతాను.